థర్మోడైనమిక్స్ మూడోసారి

మా విశ్వవిద్యాలయంలో ఒక పరీక్షకి మూడు అవకాశాలు ఇస్తారు. మూడోదీ తప్పితే ఆ చదువుకే దణ్ణం పెట్టి బయటికి నడవాలి. థర్మోడైనమిక్స్‌లో నేను జనవరిలో ఒకసారి తప్పాను, జూన్‌లో మరోసారి తప్పాను. ఇక మిగిలింది ఆగస్టు. ఆగస్టులో పోతే కెమిస్ట్రీ పోయినట్టే. కెమిస్ట్రీ పోతే మా ఊరు తిబొరోన్ వెళ్ళి మా నాన్న పక్కన చేపల ఫ్యాక్టరీలో నిలబడాలి. ఆ పని తక్కువదని కాదు, బడి సెలవుల్లో నేను చేసిన పనే. కాకపోతే అక్కణ్ణుంచి బయల్దేరేటప్పుడు కెమిస్టునవుతానని ఊరందరికీ చెప్పి మరీ బయల్దేరాను.

జనవరిలో తప్పిన తీరు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. మా దగ్గర ఎవడూ ఒంటరిగా చదవడు. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే సీనియర్లు ముగ్గురేసి, నలుగురేసి చొప్పున మమ్మల్ని జట్లు కడతారు. ఆ జట్టుతోనే చదువు, దానితోనే భోజనం, దానితోనే బీరు. మా జట్టులో యోహాన్నె, విలాద్స్, నేను. పుస్తకం మరీ లావుగా ఉందని దాన్ని ముగ్గురం పంచుకున్నాం. ఎవరి భాగం వాళ్ళు చదివి మిగతా ఇద్దరికీ పాఠం చెప్పాలి. ఎంట్రోపీ యోహాన్నెకి పోయింది, రసాయన చర్యలు విలాద్స్‌కి పోయాయి, ఫేజ్ సమతాస్థితి నాకొచ్చింది. మంచూ నీళ్ళూ ఆవిరీ ఒకే గిన్నెలో తగువు లేకుండా ఎప్పుడు కాపురం చేస్తాయో, ఉప్పు కలిపితే నీళ్ళు గడ్డకట్టడానికి ఎందుకు మొరాయిస్తాయో వాళ్ళిద్దరికీ నోటికొచ్చేదాకా చెప్పాను. వాళ్ళు చెప్పింది మాత్రం బుద్ధిగా తలూపుతూ విన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

మాది నోటి పరీక్ష. బల్ల మీద చీటీలు బోర్లించి ఉంటాయి, ఒకటి తీసి బోర్డు దగ్గర నిలబడి మాట్లాడాలి. నేను తీసింది ఎంట్రోపీ. యోహాన్నె చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను, మధ్యలో తను వేసిన జోకుతో సహా. ప్రొఫెసర్ హోల్గర్ గడ్డం గోక్కుని, "ఈ జోకు పొద్దున ఒకమ్మాయి కూడా వేసిందే" అన్నాడు. ఆ తర్వాత నేను రాసిన సమీకరణం మీద వేలు పెట్టి "ఎందుకు?" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా దగ్గర సమాధానం లేదు. అదే రోజు విలాద్స్‌కి నా భాగం వచ్చింది. నేను చెప్పిందే చెప్పి దర్జాగా పాసయ్యాడు.

వాళ్ళిద్దరూ తర్వాతి కోర్సుకి వెళ్ళిపోయారు. కోర్సు వేరైతే జట్టు వేరే కదా, నా చోట్లో ఇంకో అబ్బాయిని కలుపుకున్నారు. అడిగి మరీ కలుపుకున్నారు. "నీకేం ఇబ్బంది లేదుగా?" అంటే "ఛ, నాకెందుకు ఇబ్బంది" అన్నాను. కోపం తెచ్చుకుందామన్నా సందు దొరకనంత మంచివాళ్ళు, వాళ్ళతో అదే చిక్కు.

జూన్‌లో నేనొక్కణ్ణే మొత్తం పుస్తకం బట్టీ పట్టి వెళ్ళాను. హోల్గర్ మళ్ళీ "ఎందుకు?" అన్నాడు. ఈసారి సమాధానం తెలుసు. గొంతు పెగల్లేదు. అంతకుముందు వారాలుగా నేను పైకి మాట్లాడింది ఏమీ లేదు, చదువంతా కళ్ళతోనే. హోల్గర్ చాలాసేపు ఓపిక పట్టాడు, మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. నేను నీళ్ళు తాగి వచ్చేశాను. ఆ సంగతి అమ్మకి చెప్పే ధైర్యం లేకపోయింది. ఫలితాలు ఇంకా రాలేదమ్మా అంటూ నెట్టుకొచ్చాను, కాబట్టి ఆగస్టు పరీక్ష ఒకటుందన్న సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు.

జూలైలో మా విశ్వవిద్యాలయం ఉన్న ఆర్హస్‌లో విద్యార్థి అన్నవాడు కనపడడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, అందరూ సముద్రపు ఒడ్డున వేసవి ఇళ్ళకి పోతే నేను హాస్టల్లో ఉండిపోయాను. మా వరండాలో గదులన్నీ తాళాలే. మధ్యలో ఉమ్మడి వంటగది. దాని గోడకి ఎవరు ఏ వారం ఊడవాలో చెప్పే పట్టీ ఒకటి వేలాడేది. ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ప్రతి వారమూ నాదే. కొత్త బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని, వెన్న రాసుకుని, పుస్తకం ముందు పెట్టుకుని తినేవాణ్ణి. బయట ఎండ కాస్తూనే ఉండేది. మా చలి దేశంలో ఎండంటే అందరూ కలిసి పంచుకునే వస్తువు. దాన్ని ఒంటరిగా అనుభవించడం ఎంత కష్టమో ఆ నెలలో తెలిసింది.

ఒకరోజు బ్రెడ్డు కొనడానికి బేకరీకి వెళ్ళాను. "ఇంకేమైనా కావాలా?" అని అడిగింది అక్కడి ఆవిడ. వద్దండీ అనబోతే నా నోట్లోంచి కీచుమని ఏదో వచ్చింది. ఆవిడ "జలుబు చేసిందా బాబూ?" అంది. అవునని తలూపాను. ఇంటికొస్తూ దారంతా భయపడ్డాను. రేపు హోల్గర్ ముందు కూడా ఇలాగే కీచుమంటే ఇక పుస్తకంలో ఏముంటే ఏం లాభం?

ఆ సాయంత్రం నుంచీ వంటగదిలో కుర్చీలకి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఒక కుర్చీ యోహాన్నె, ఒకటి విలాద్స్. గోడలకి చెవులుంటాయంటారు, మా వంటగది గోడలకి అవి కూడా లేవు. ఎంట్రోపీ చెప్పాను, చర్యలు చెప్పాను, అన్నీ చెప్పాను. గొంతు సాగింది. కానీ కుర్చీ "ఎందుకు?" అని అడగదు. నాకు నేనే విలాద్స్ గొంతుతో అడ్డమైన ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకునేవాణ్ణి. మనం వేసుకున్న ప్రశ్నకి జవాబు మనకి ముందే తెలుసు కదా, అందులో తడబడేదేముంది? నాకు కావలసింది ఒక గంట కూర్చుని మధ్యలో అడ్డుపడే మనిషి. ఒక్క మనిషి.

జూలై ఆఖర్లో ఆ మనిషి దొరికినట్టే దొరికింది. రేవు దగ్గర ఈత కొలనుకి వెళ్తే చెక్క మెట్ల మీద తడి జుట్టుతో యోహాన్నె కూర్చుని ఉంది.

"ఎస్కిల్! ఒరేయ్, బతికే ఉన్నావా? మెసేజ్ పెడితే పలకవు."

"చదువుకుంటున్నా."

"ఈ ఎండలోనా? నీకు పిచ్చి. మొహం చూడు, నేలమాళిగలో బంగాళాదుంపలా తెల్లగా అయిపోయావ్."

"నువ్వెప్పుడొచ్చావ్?"

"పొద్దున. సాయంత్రం మళ్ళీ వెళ్ళిపోతున్నాం. విలాద్స్ వాళ్ళ వేసవి ఇంటికి. మనవాళ్ళందరూ అక్కడే ఉన్నారు తెలుసా?" అని, వెంటనే నా మొహం చూసి, "నువ్వూ రారాదూ?" అంది.

ఆ "రారాదూ" మర్యాదకి వచ్చిందని ఇద్దరికీ తెలుసు.

"పరీక్షుంది" అన్నాను.

"నీకేంట్రా, నీ భాగమే వస్తుందిలే. నువ్వు చెప్పిన పాఠంతోనేగా విలాద్స్ గట్టెక్కాడు. వాడిప్పటికీ అంటాడు, ఎస్కిల్ లేకపోతే మునిగిపోయేవాణ్ణని."

ఒక్క గంట నా మాట విను యోహాన్నె, నడుమ నడుమ ఎందుకని అడుగు, చాలు. ఈ మాట నా నాలిక చివర ఉంది. కుర్చీలకి ఎన్నిసార్లు ఎంత ధాటిగా మాట్లాడానో. తన ముందు మాత్రం రాలేదు. తను తువ్వాలు దులుపుకుని, నా భుజం తట్టి, "ఆల్ ది బెస్ట్ రా, పాసవగానే చెప్పు" అని సైకిలెక్కింది. ఆ తర్వాత నేను చాలాసేపు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. అడిగితే ఆగేదే, నాకు తెలుసు. అడగలేకపోవడం నా జబ్బు.

ఆగస్టు పరీక్షలకి పెద్దగా ఎవరూ ఉండరు, తప్పినవాళ్ళం నలుగురైదుగురం. గదిలో హోల్గర్ పక్కన బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు కూర్చుంది. మార్కులు హోల్గర్ ఒక్కడే వెయ్యకూడదు, బయటి మనిషి ఒకరు ఉండాలి. పేరు బోదిల్, ఐస్‌క్రీం ఫ్యాక్టరీలో పెద్ద కెమిస్టు అని చెప్పాడు. మెళ్ళో తాడుకి కట్టిన కళ్ళజోడు, మనిషి కాస్త చిరాగ్గా ఉంది.

నేను చీటీ తీశాను. రెండు పదార్థాల మిశ్రమం, ఘనానికీ ద్రవానికీ మధ్య సమతాస్థితి. నా భాగమే. జనవరిలో రావలసింది ఆగస్టులో వచ్చింది.

బోర్డు మీద గీత గీశాను. రెండు వైపుల నుంచీ గీతలు కిందికి దిగి ఒక బిందువు దగ్గర కలుస్తాయి. ఆ గీతలకి పైన అంతా ద్రవం, ఆ బిందువుకి కింద గడ్డకట్టినది, నడుమ రెండూ. కుర్చీలకి చెప్పినట్టే గడగడా చెప్పుకుంటూ పోయాను. గోడ మీది గడియారం వంక తప్ప ఎవరి వంకా చూడలేదు. హోల్గర్ చెయ్యెత్తాడు.

"ఆగాగు. ఆ గీత కిందికి ఎందుకు వంగుతుంది?"

 జూన్ మొత్తం ఒక్కసారిగా వచ్చి మీద కూర్చుంది. హోల్గర్ నీళ్ళ గ్లాసు వైపు చెయ్యి చాపబోయాడు. ఇక తిబొరోనే అనుకున్నాను.

బోదిల్ కళ్ళజోడు తీసింది. "గీత సంగతి తర్వాత. నాకో సందేహం తీర్చు. మా ఇంట్లో ఫ్రీజర్ మైనస్ పద్దెనిమిదిలో ఉంటుంది. అందులో ఐస్‌క్రీం పూర్తిగా గడ్డకట్టిందంటావా?"

"లేదు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"చేతికి రాయిలా తగులుతుందే?"

"రాయైతే చెంచా దిగదు కదండీ. నీళ్ళు మంచుగా విడిపోయే కొద్దీ చక్కెరంతా మిగిలిన నీళ్ళలో పోగవుతుంది. పాకం చిక్కబడే కొద్దీ దాన్ని గడ్డకట్టించాలంటే ఇంకా చల్లబరచాలి. అందుకే ఆ గీత వంగేది. ఎంత చల్లబరిచినా, ఇదిగో ఈ అడుగు బిందువు దాకా, కాస్త పాకం మిగిలే ఉంటుంది."

"సరే. మరి పాత డబ్బాలో ఐస్‌క్రీం నోట్లో ఇసకలా కరకరలాడుతుందేం?"

"మీ ఇంట్లో ఫ్రీజర్ తలుపు మాటిమాటికీ ఎవరు తీస్తారు?"

హోల్గర్ కనుబొమలు ఎగరేశాడు. పరీక్షలో పరీక్షకురాల్ని ప్రశ్న అడిగినవాణ్ణి ఆయన అంతకుముందు చూసి ఉండడు.

"మా ఆయన" అంది బోదిల్. "ఐస్‌క్రీం మనిషిని నేను, తినే మనిషి ఆయన."

"ఆయన తలుపు తీసినప్పుడల్లా లోపల కాస్త వేడెక్కుతుంది. చిన్న చిన్న మంచు పలుకులు ముందు కరుగుతాయి. మళ్ళీ చల్లబడినప్పుడు ఆ నీళ్ళు కొత్త పలుకులు కట్టవు, పెద్ద పలుకుల మీదికి చేరతాయి. చిన్న పలుకులో ఉన్న నీటికి అక్కణ్ణుంచి లేచిపోవాలన్న ఉబలాటం ఎక్కువ."

"ఆ ఉబలాటానికి పుస్తకంలో ఏం పేరు?" అన్నాడు హోల్గర్.

"కెమికల్ పొటెన్షియల్. రెండు వైపులా అది సమానమైతేనే సమతాస్థితి. అప్పుడైనా కదలిక ఆగదు. ఎంతమంది పోతారో అంతమంది వస్తారు, అంతే."

"రాయి మరి."

రాశాను. 

"చిన్న పలుకుల సంగతి మీ పుస్తకంలో లేదు" అంది బోదిల్. "ఎక్కడ పట్టుకున్నావ్?"

"మా హాస్టల్లోనండీ. అందరూ సెలవలకి పోతూ ఐస్‌క్రీం డబ్బాలు ఫ్రీజర్లోనే వదిలేశారు. జూలై అంతా అవే తిన్నాను. రోజుకి ఎన్నిసార్లు తలుపు తీశానో లెక్కలేదు, వేరే పనేం లేక. అన్నీ ఇసకయ్యాయి. ఎందుకయ్యాయో కూర్చుని ఆలోచించాను."

ఇద్దరూ నవ్వారు. బోదిల్ ముందుగా నవ్వాపుకుని, "ఒక్కడివే ఉన్నావా అక్కడ, నెలంతా?" అని అడిగింది.

"ఒక్కణ్ణే."

ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఫ్యాక్టరీలో చక్కెర తగ్గిస్తే ఏమవుతుందని అడిగింది. చెప్పాను. ఉప్పు పడితే? చెప్పాను. హోల్గర్ అడ్డుపడి నా మాటలో ఒక తప్పు పట్టుకున్నాడు. కాదని వాదించాను, నిజంగా తప్పేనని తేలితే ఒప్పుకుని తుడిచి మళ్ళీ రాశాను. సుద్దపొడి చేతులకీ ప్యాంటుకీ అంటుకుంది. ముగ్గురం బోర్డు దగ్గరే నిలబడ్డాం. ఆ వేసవి మొత్తంలో నా మాట మధ్యలో ఎవరైనా అడ్డొచ్చింది అప్పుడే, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"చాల్లే ఎస్కిల్, టైమైపోయింది" అన్నాడు హోల్గర్.

"సముద్రం నీళ్ళ సంగతి ఇంకా చెప్పలేదు."

"చెప్పక్కర్లేదు. బయట కూర్చో, మాట్లాడుకుని పిలుస్తాం."

నాకు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. చెబితే నవ్వుతారు గానీ, పాసా ఫెయిలా అన్నది ఆ క్షణాన రెండో సంగతైపోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి తలుపు తెరిచాను.

"హుర్రే!"

ఎదురుగా ఒక కుటుంబం మొత్తం. పరీక్ష ముగించినవాళ్ళకి గది బయటే ఇంటివాళ్ళు పండగ చెయ్యడం మా దగ్గర ఆనవాయితీ. చేతుల్లో మా దేశపు ఎర్రటి చిన్న జెండాలు, కేకు డబ్బా, కాగితం గ్లాసులు. ఒక ముసలాయన చేతిలో సీసా బిరడా ఢాంమని పైకప్పుకి తగిలింది, నురుగు ఆయన బూట్ల మీదికి కారింది. నన్ను చూసి అందరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

"మా పిల్ల కాదే" అన్నాడు ముసలాయన.

"నాన్నా, కార్లాది ఈ అబ్బాయి తర్వాతని చెప్తూనే ఉన్నా కదా" అంది పక్కనున్నావిడ, మొహం కందగడ్డలా చేసుకుని.

"చెప్పావులేవే. తలుపు తెరుచుకుంటే నేనేం చెయ్యను, చెయ్యి ఆగలేదు." నా వైపు తిరిగి, "బిరడా ఎగిరాక మళ్ళీ లోపలికి పోదు. ఇదిగో అబ్బాయ్, పట్టు. నా పేరు ఎవాల్ద్. పాసయ్యావా?"

"ఇంకా చెప్పలేదండీ."

"అయితే కూర్చో, చెప్పేదాకా."

కూర్చున్నాను. కార్లా తల్లి "మీవాళ్ళెవరూ రాలేదా?" అని అడిగి, నేను లేదనగానే అడిగినందుకు నొచ్చుకుని నా గ్లాసు పక్కన కేకు ముక్క పెట్టింది. లోపల ఏమడిగారని ఎవాల్ద్ తాత ఆరా తీశాడు. ఐస్‌క్రీం గురించి చెప్పడం మొదలుపెట్టానో లేదో హోల్గర్ తలుపు తీసి పిలిచాడు.

పది మార్కులు. పన్నెండుకి పది. "జూన్‌లో ఈ మనిషి ఎక్కడికి పోయాడు?" అన్నాడు హోల్గర్. బోదిల్ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. థాంక్స్ చెప్పాను, ఇంకేదో కూడా చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు. ఎవరికో ఒకరికి చెప్పాలి, అదొక్కటే తెలుసు. బయటికి పరిగెత్తినట్టే వచ్చాను.

ఈలోపు కార్లా వచ్చేసింది. పొట్టి జుట్టు, పాలిపోయిన మొహం. అందరూ తన చుట్టూ మూగి కాలరు సర్దుతున్నారు, వీపు నిమురుతున్నారు. తను నా పక్కనుంచే లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. వాళ్ళందరూ బెంచీ మీద చప్పుడు లేకుండా ఒదిగి కూర్చున్నారు. ఎవరో ఒకరు అడుగుతారని నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. వాళ్ళ ప్రాణమంతా ఆ తలుపు అవతలుంది, తప్పు పట్టడానికేం లేదు. జేబులో ఫోనుంది, అమ్మకి చెప్పాలంటే జూన్ సంగతి ముందు చెప్పాలి. యోహాన్నెకి మెసేజ్ పెట్టొచ్చు, ఒక బొటనవేలి బొమ్మ తిరిగొస్తుంది. నాకు బొమ్మ వద్దు, మనిషి మొహం కావాలి.

చాలాసేపటికి ఎవాల్ద్ తాత తలెత్తాడు. "ఇంకా ఇక్కడే ఉన్నావేం నాయనా? ఎవరికోసం?"

పాసయ్యానని చెప్పడానికి అంతకంటే మంచి సందు ఉండదు. నా నోట్లోంచి వచ్చింది వేరు. "కార్లా కోసం" అన్నాను.

ఆయన బెంచీ మీద జరిగి చోటిచ్చి, నా చేతిలో ఒక జెండా పెట్టాడు.

కార్లా ఒకసారి బయటికొచ్చి గోళ్ళు కొరుక్కుంటూ నిలబడింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఈసారి తలుపు తెరుచుకునేసరికి తన మొహమే చెప్పేసింది. అందరికంటే ముందు హుర్రే అన్నది నేనే. వరుసగా అందర్నీ కావలించుకుంటూ వచ్చింది, తల్లి, తాత, పిన్ని, ఆ వరసలో నన్ను కూడా. మనిషి చేతులు నా చుట్టూ పడి ఎన్నాళ్ళయిందో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వెవరు?" అంది నా చెవిలో, వదలకుండానే.

"నీ ముందు వెళ్ళినవాణ్ణి."

"ఓ, నువ్వా. నీదేమైంది?"

"పాసయ్యాను."

"మూడోదా?"

"మూడోదే."

"నాదీ" అంది. ఒక్క క్షణం ఇంకాస్త గట్టిగా పట్టుకుని వదిలేసింది.

అప్పటికే వాళ్ళ అమ్మ పిలుస్తోంది, ఎక్కడో భోజనానికి బల్ల చెప్పి ఉంచారట, ఆలస్యమవుతోందట. కేకు డబ్బా సర్దారు, గ్లాసులు ఏరారు, పిన్ని నా చేతిలోంచి జెండా కూడా తీసుకుని మిగతావాటితో కలిపి సంచిలో పెట్టింది. ఎవాల్ద్ తాత మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చెయ్యూపాడు. కింద తలుపు పడేదాకా వాళ్ళ మాటలు వినిపించాయి.